అద్దె తక్కువెందుకో

ఒక గంటసేపు తనని ఈ ఖాళీ ఇంట్లో ఒంటరిగా వదిలేయమని ఆమె అడిగేసరికి ఇంటి ఓనరు తాళాల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "గంటసేపు ఏం చూస్తారు మేడమ్? రెండు గదులు, వంటిల్లు, బాత్రూము, బాల్కనీ. అయిదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు. "చూడనండీ, వింటాను" అంది ఆమె. అతను ఆమెని ఎగాదిగా చూశాడు. చూడటానికి మర్యాదస్తురాలిలాగే ఉంది, చేతిలో ఆఫీసు బ్యాగు ఉంది, నీళ్ళ పరీక్షల ల్యాబులో ఉద్యోగమని చెప్పింది, బదిలీ కాగితం కూడా చూపించింది, మరి ఈ వినడమేమిటో. "పన్నెండింటికి ఇంకో పార్టీ వస్తున్నారు మేడమ్, అడ్వాన్సు జేబులో పెట్టుకుని వస్తామన్నారు, ఈలోగా మీరు ఏదో ఒకటి తేల్చేయాలి" అని, వెళ్ళబోతూ ఒక్క క్షణం గుమ్మంలో ఆగి, ఏదో చెబుదామనుకుని మింగేసినట్టు గొంతు సవరించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ మింగేసిందేమిటో అదే నాకు కావలసింది అనుకుంది ఆమె. సున్నం వేసినవాళ్ళు వదిలేసిన బకెట్టు బోర్లించి, దానిమీద రుమాలు పరుచుకుని, గది మధ్యలో కూర్చుంది. గడియారం చూసుకుంది. పదకొండు కావడానికి అయిదు నిమిషాలు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడెవడో అద్దెకి తీసుకుని చూడలేదు, చూసి ఉంటే ఆ రెండూ సామెతలోంచి తీసేసి ఇదొక్కటే ఉంచేవాడు. ఈ గంటసేపు కూర్చునే అలవాటు ఆమెకి ఊరికే రాలేదు. మొదటి ఉద్యోగం ఓడరేవు ఊళ్ళో, పెళ్ళయి మూడు నెలలు, ఆదివారం మధ్యాహ్నం చూశారు ఆ ఇల్లు, ఎంత ప్రశాంతంగా ఉందో అని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మురిసిపోయారు, జీతంలో అయిదో వంతు అద్దె, సామాను దించుకున్నారు, సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి పడకగది గోడ దడదడలాడింది. వెనకాల రేకు డబ్బాల కార్ఖానా. ఎనిమిదింటినుంచి ఆరింటిదాకా ఇరవైమంది సుత్తులు పట్టుకుని కొడుతూనే ఉండేవాళ్ళు, టీ గ్లాసు బల్లమీద పెడితే తనంతట తాను అంచుదాకా నడిచి వెళ్ళేది. ఆమె ఏడుపు మొహం పెడితే టైలరు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. టైలరంటే ఆమె భర్తే, పెళ్ళిచూపులనాటినుంచీ ఆమె మనసులో అతనికి అదే పేరు, ఎదుట పడితే "టైలరుగారూ" అని గారు తగిలిస్తుంది. "ఇంత చప్పుడులో నా మిషను చప్పుడు ఎవడికి వినబడుతుంది? రాత్రీ పగలూ కుట్టుకోవచ్చు" అన్నాడు. అన్నట్టే కార్ఖానావాళ్ళు తెగిన గుండీలూ చిరిగిన మోకాళ్ళూ పట్టుకుని వచ్చేవాళ్ళు, వాళ్ళకి సుత్తుల మధ్య మాట్లాడటం అలవాటు కాబట్టి అరిచి మాట్లాడేవాళ్ళు, వాళ్ళతో పాటు అతనూ అరిచేవాడు, రాత్రి పక్కలో పడుకుని కూడా అరిచేవాడు, "నిద్ర పడుతోందా?" అని. ఉప్పుగాలికి కత్తెరలు తుప్పు పట్టేవి. ఆ ఊరి నీళ్ళూ అంతే, సబ్బు అరిగిపోయేది గాని నురగ వచ్చేది కాదు. ఎదురింటావిడ వీధికి అటునుంచి ఇటు కేకేసి ఇవాళ టమాటాలు కుళ్ళిపోయాయి కొనకండి అని చెప్పేది, ఎవరికి చెబుతోందో ప్రత్యేకంగా ఏమీ ఉండదు, వీధి మొత్తానికి చెప్పేది, ఆ రోజు వీధి మొత్తం టమాటాలు మానేసేది.

పైన ఎవరో బల్ల జరిపారు. ఒక్కసారే జరిపారు, పదిసార్లు కాదు, ఇది మంచి లక్షణం. కింద వీధిలో సైకిలు షాపువాడు గాలి కొడుతున్నాడు, పంపు ముక్కుతోంది, ఎక్కడో బళ్ళో పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు, ఏడు ఏడులు దగ్గర సగంమంది ఒక అంకె, సగంమంది ఇంకో అంకె. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. మొదట ఒక దగ్గు దగ్గి, తర్వాత సాఫీగా వచ్చింది. బ్యాగులోంచి చిన్న గాజుసీసా తీసి పట్టి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, రెండు చుక్కలు నాలుకమీద వేసుకుంది. నది నీళ్ళు, కొంచెం మట్టి రుచి, కాస్త సున్నం, కెటిల్లో ఆరునెలలకి ఒక పొర కడుతుంది, అంతకంటే దోషం లేదు. గోడలు తట్టింది, చెమ్మ లేదు. బాత్రూములో బకెట్టు నీళ్ళు కుమ్మరించి ఎటు పోతాయో చూసింది, పోవలసిన చోటికే బుద్ధిగా పోయాయి. మరి అద్దె ఎందుకింత తక్కువ? జీతంలో పావు వంతు. ఆఫీసుకి పది నిమిషాల నడక, బజారు వీధి చివర, తూర్పువైపు బాల్కనీలోంచి వచ్చే ఎండ గది సగందాకా చాపలా పరుచుకుని ఉంది. నిన్న చూసిన ఇల్లు ఆఫీసు పక్కనే గాని అగ్గిపెట్టె, అందులో మిషను పెడితే మనుషులు బయట నిలబడాలి, దానికి జీతంలో సగం అడిగారు, అడుగుతూ సిగ్గు కూడా పడలేదు. మొన్న చూసింది ఊరి బయట, కొత్తది, నాలుగు గదులు, సరిగ్గా ఈ ఇంటి అద్దే, కాని చుట్టూ మైదానం, పిలిస్తే పలికేవాడు లేడు, బస్సు గంటకొకటి. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే చిన్నపిల్ల కూడా ఇదే తీసుకో అంటుంది. అంత సులువుగా ఉందంటే ఎక్కడో ఏదో ఉందన్నమాట. చవకలో దొరికిన గొడుగు వానలోనే చిరుగుతుంది.

కొండ ఊళ్ళో కూడా ఇలాగే తక్కువ, అక్కడైతే జీతంలో ఆరో వంతే, కాని అక్కడ అందరికీ తక్కువే. ఆ నీళ్ళు ఎంత తీపంటే టీలో పంచదార ఒక చెంచా తగ్గించేది ఆమె. అక్కడ ఇంటికి తలుపులుండేవి గాని వాటి పనేమిటో ఎవరికీ తెలియదు. రాత్రి రెండుసార్లు దగ్గితే పొద్దున్నే ముగ్గురు మూడు రకాల మందులతో గుమ్మంలో నిలబడేవాళ్ళు. ఆమె ఎన్ని గుడ్లు కొందో, అందులో ఒకటి దారిలో పగిలిందని కూడా, ఆమె ఇల్లు చేరేలోగా పక్కింటి అత్తయ్యగారికి తెలిసిపోయేది. టైలరు మిషను వరండాలో ఉండేది, దాని చుట్టూ ఎప్పుడూ నలుగురు, గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఇద్దరైతే ఊరికే వచ్చినవాళ్ళు ఇద్దరు, అతను కాలితో మిషను తొక్కుతూ నోటితో ఊరు కుట్టేవాడు, ఇక్కడి మాట తీసి అక్కడ అతికి, అక్కడిది కత్తిరించి ఇక్కడ మడతపెట్టి. ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పుకునేలోగా ఆమె చెవిన మొత్తం వేసేవాడు. ఒకరోజు తలనొప్పిగా ఉండి, విసుగొచ్చి, "ఒక్క పూట ఎవరూ తలుపు తట్టని ఊరు దొరికితే బాగుండు" అనేసింది. ఆ మాట ఏ ఆఫీసరు చెవిన పడిందో, వచ్చే నెలలోనే పెద్ద ఊరికి బదిలీ అయింది.

దూరపు కొండలు నునుపు. పెద్ద ఊళ్ళో పదకొండో అంతస్తు, జీతంలో సగం అద్దె, అయినా పోనీలే, నున్నటి నేల, అద్దంలాంటి కిటికీలు, నొక్కితే వచ్చే లిఫ్టు. నీళ్ళు ఎంత శుభ్రమంటే ఆమె సీసాలో పట్టి పరీక్షించి పేరు పెట్టడానికేమీ లేక తెల్లబోయింది, మందు వాసన తప్ప. మనుషులకీ పేరు పెట్టడానికేమీ ఉండేది కాదు. లిఫ్టులో కలిస్తే అందరూ పైన మారే అంకెలనే చదువుకునేవాళ్ళు, పరీక్షకి చదివినట్టు. చేరిన వారానికే కింది ఫ్లాటునుంచి ఒక ఉత్తరం వచ్చింది, చాలా మర్యాదైన ఉత్తరం, మీ ఇంట్లోంచి యంత్రపు శబ్దం వస్తున్నది దయచేసి గమనించగలరు అని. టైలరు మిషను కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. ఇంకో ఉత్తరం వచ్చింది. దుప్పటి పరిచాడు. ఉత్తరాలు ఆగాయి, ఉత్తరాలతో పాటు మనిషి అలికిడీ ఆగింది. పని ఉండేది, ఒక పెద్ద దుకాణంవాళ్ళు మనిషిని పంపి కట్టలు కట్టలు ప్యాంట్లు ఇచ్చేవాళ్ళు, అన్నీ ఒక్కలాంటివే, కొలతలు కాగితంమీద వచ్చేవి, ఆ ప్యాంట్లలోకి దూరబోయే మనిషి ఎవరో, ఎందుకు లావయ్యాడో, ఎవరి పెళ్ళికి కుట్టించుకుంటున్నాడో అతనికి తెలిసేది కాదు. మొదటి ఏడాది అతను పగలంతా మాటలు దాచిపెట్టి సాయంత్రం ఆమె రాగానే గుమ్మంలోనే కుమ్మరించేవాడు. రెండో ఏడాది రేడియోతో మాట్లాడేవాడు, వార్తలు చదివేవాడితో వాదన పెట్టుకునేవాడు. మూడో ఏడాది రేడియో కట్టేశాడు. నాలుగో ఏడాదికి అతని దగ్గర మూడే మాటలు మిగిలాయి: ఊఁ, సరే, నీ ఇష్టం. జబ్బేమీ లేదు, దిగులూ లేదు, అన్నం తింటాడు, నిద్రపోతాడు, అడిగితే "బాగానే ఉన్నానుగా" అంటాడు, కూతురు హాస్టలునుంచి ఫోను చేస్తే బాగా చదువుకో అని ఆమె చేతికి ఇచ్చేస్తాడు. ఆమె ల్యాబులో సీసాలు కడుగుతూ ఒక్కోసారి ఉలిక్కిపడేది, ఆయన గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయానా అని. బదిలీ కాగితం చేతికందిన రోజు అందరూ అయ్యో అంటుంటే ఆమె ఒక్కతే మిఠాయి పంచింది.

అందుకే ఈసారి గోడలనీ కుళాయిలనీ కాదు వినవలసింది, ఇంకేదో. ఏమిటో మాత్రం తనకే తెలియడం లేదు. ఎండ కొంచెం వెనక్కి జరిగి ఆమె కాలివేళ్ళమీద ఆగింది. పదకొండుంపావు. ఫోను తీసి టైలరుకి చేసింది. ఇల్లు చూశాను, బాగుంది, మిషనుకి బాల్కనీ పక్కన చోటుంది, తూర్పు వెలుతురు, దారం ఎక్కించడానికి కళ్ళు చికిలించక్కర్లేదు, కాని ఎక్కడో ఏదో మెలిక ఉంది, ఓనరు ఏదో మింగేశాడు, తీసుకోనా వద్దా అని ఒక్క ఊపిరిలో చెప్పింది. ఆ పదకొండో అంతస్తు నిశ్శబ్దం ఫోనులోంచి కూడా చల్లగా తగిలింది. "నీ ఇష్టం" అన్నాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది. తట్టడం లేదు, పిలవడం లేదు, తమ ఇంట్లోకి తాము వచ్చినంత తేలిగ్గా తెరుచుకుంది, ఒక మడత కుర్చీ ముందుగా లోపలికొచ్చింది, దాని వెనకాల ఒక ముసలాయన.

ఎనభై ఉంటాయి. ఎండిన మనిషి, కాని కళ్ళు మాత్రం ఇప్పుడే కడిగి పెట్టినట్టున్నాయి. ఆమెని చూసి ఆగలేదు, ఆశ్చర్యపోలేదు. "కొత్తగా వచ్చావా అమ్మాయ్? కూర్చో కూర్చో, లేవకు" అంటూ ఆమె ఎండలోంచే నడిచివెళ్ళి, బాల్కనీలో కుర్చీ విప్పి, దాన్ని రెండుసార్లు జరిపి, కూర్చుని, మోకాళ్ళమీద చేతులు పరుచుకుని, అబ్బా అన్నాడు. ఆమె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఎవరండీ మీరు?"

"మా మేనల్లుడు చెప్పలేదా నా సంగతి?"

"మేనల్లుడెవరు?"

"ఈ ఇంటి ఓనరే. చెప్పడు, ఎందుకు చెబుతాడు! చెబితే ఎవరూ చేరరు." ముసలాయన చాలా సంతోషంగా నవ్వాడు. "నేను కింద వెనక గదిలో ఉంటానమ్మా. ఆ గదిలోకి సూర్యుడు రమ్మన్నా రాడు. నలభై రెండేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపాను. జనమంతా చీకట్లో మూడు గంటలు కూర్చుంటే నేను రోజుకి పన్నెండు గంటలు కూర్చున్నాను. రిటైరైన రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక బతికినన్నాళ్ళూ రోజుకో గంట ఎండలో కూర్చుంటానని. ఈ బిల్డింగు మొత్తంలో ఈ పూట ఎండ పడేది ఈ బాల్కనీ ఒక్కటే. మరి నన్నేం చెయ్యమంటావు?"

ఇదన్నమాట మింగేసింది! చెమ్మ కాదు, డ్రైనేజీ కాదు, దయ్యం కాదు, మేనమామ. మిగతా లోపాలకి మనిషిని పిలిచి బాగు చేయించవచ్చు, ఈ లోపానికి తన కుర్చీ తనకుంది. కోపం రావాలి కదా అని తనలో వెతుక్కుంది, వెతుకుతుంటే కోపానికి బదులు కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది. "రోజూ వస్తారా?" అంది.

"మబ్బు పడితే రాను" అన్నాడు ముసలాయన, పెద్ద రాయితీ ఇస్తున్నట్టు. "నా దెబ్బకి ముగ్గురు ఖాళీ చేశారు. మొదటాయన బ్యాంకు ఆయన, తలుపుకి లోపల గొళ్ళెం పెట్టుకునేవాడు, నేను బయట కుర్చీ వేసుకుని ఆయన తలుపు తీసేదాకా కూర్చునేవాణ్ణి. తర్వాత ఒక జంట, నేనంటే ఇష్టమే పాపం, కాని నేను మాట్లాడతాను కదా, వాళ్ళు పగలు పడుకుని రాత్రి పనికెళ్ళేవాళ్ళు. మూడోవాడు..." అంటూ ఆగి, చెవి రిక్కించాడు. "నీ ఫోనులో ఎవరో ఉన్నారమ్మాయ్."

ఉన్నాడు. టైలరు ఇంకా పెట్టెయ్యలేదు. "ఎవరది?" అంటున్నాడు. అది మూడు మాటల్లోనూ లేని మాట అని ఆమెకి ఒక క్షణం తర్వాత గాని తట్టలేదు.

"మీ ఆయనా? ఏం చేస్తాడు?"

"టైలరండీ."

ముసలాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. తన చొక్కా కాలరు రెండు వేళ్ళతో పట్టుకుని, అరిగి పోగులు లేచిన మడత ఆమెకి చూపించి, చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు." ఆమె ఇచ్చేసింది. ఎందుకిచ్చిందో, ఎలా ఇచ్చిందో, ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి.

"ఏం బాబూ, కాలరు తిప్పి కుడతావా? ఈ ఊళ్ళో కుర్రాళ్ళెవరికీ రాదు, పారేసి కొత్తది కొనుక్కోమంటున్నారు... ఆఁ... ఆఁ... నూలే, పాతకాలం నూలు... ఎన్నేళ్ళా? పద్దెనిమిది... ఏమిటి, బాగుచేయలేవా? ... అదీ, అలా చెప్పు. మరి జేబులు? నాకు రెండు జేబులుండాలి... బరువుకి లాగితే లాగనీ! ఒకదాంట్లో టార్చి, ఒకదాంట్లో కళ్ళజోడు, నలభై రెండేళ్ళు అలాగే... ఏమిటి నువ్వనేది?"

అటు ఏమంటున్నాడో మాటలు అందడం లేదు, గొంతు మాత్రం అందుతోంది. మొదట ఒక్కో ముక్క, తర్వాత రెండు మూడు కలిసి, తర్వాత తెంపులేకుండా, సన్నగా, గబగబా, ఆమె చెవులకి బాగా తెలిసిన పరుగు, కాలు మిషను తొక్కుతున్నప్పుడు నోరు తీసే పరుగు. ముసలాయన "ఊఁ" అంటున్నాడు. ఊఁ అనవలసిన మనిషి మాట్లాడుతున్నాడు, మాట్లాడవలసిన మనిషి ఊఁ అంటున్నాడు, లోకం ఎటు తిరిగిందో. ఆమె బకెట్టు మెల్లగా బాల్కనీ దాకా జరుపుకుంది. ఎడమచెయ్యి అన్న మాట వినబడింది. పెళ్ళికొడుకు చొక్కాకి రెండు చేతులూ ఎడమ చేతులే కుట్టిన శిష్యుడి కథ! ఓడరేవు ఊళ్ళో కార్ఖానావాళ్ళకి అరిచి చెప్పిన కథ, కొండ ఊళ్ళో వరండాలో వారానికోసారి చెప్పిన కథ, ఆమెకి కామాలతో సహా కంఠతా వచ్చిన కథ, మూడేళ్ళుగా వినని కథ. ఆ చొక్కా తొడుక్కుని పెళ్ళికొడుకు పీటలమీద కూర్చున్నదాకా వచ్చి ఉంటాడు ఈపాటికి. ముసలాయన మోకాళ్ళు కొట్టుకుంటూ నవ్వుతున్నాడు, "ఉండు ఉండు, అయితే ఆ పెళ్ళికొడుకు కుడిచెయ్యి..." అంటున్నాడు, అంతలో ఫోను చెవినుంచి తీసి అద్దంలో చూసుకున్నట్టు చూశాడు. "పోయిందమ్మాయ్. లైను తెగిపోయింది." పిల్లవాడి చేతిలో ఐస్‌క్రీము కిందపడ్డట్టు ఉంది ఆయన మొహం.

ఆమె ఎండకేసి తిరిగింది, కళ్ళలో నీళ్ళు ఎండవల్లేనని ఆయన అనుకోవాలి. పదకొండూ నలభై. జీతంలో పావు వంతు, దానికి రెండు గదులు, వంటిల్లు, నది నీళ్ళు, పైన ఒక్కసారే జరిగే బల్ల, కింద గాలి పంపు, రోజుకో గంట ఒక మేనమామ, మబ్బు పడితే సెలవు. పెద్ద ఊళ్ళో సగం జీతం పోసినా ఇలాంటిది అమ్మలేదెవరూ. ఆమె లేచి చీర కుచ్చిళ్ళకి అంటిన సున్నం దులుపుకుంది. "నేను కిందికెళ్ళి ఓనరుగారితో మాట్లాడి వస్తానండీ బాబాయిగారూ."

"తీసుకుంటున్నావా?"

"తీసుకుంటున్నాను."

"ఆ మొహంతో దిగకు" అన్నాడు ముసలాయన గొంతు తగ్గించి. "ఆ నవ్వు మొహంతో వెళితే ఒక్క పైసా తగ్గించడు మా వాడు. నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. ఈ ముసలాయన ఎవరండీ, మీరు ముందే చెప్పొద్దా, ఇదేం ఇల్లండీ అను. ముందువాళ్ళకి తిట్టడం చేతకాక ఖాళీ చేసి పోయారు గాని, తిట్టి ఉంటే వాడు తగ్గించేవాడే. వాడు మొహమాటస్థుడు."

"మిమ్మల్ని ఎలా తిట్టనండీ?"

"సిగ్గు పడకు, నాకు అలవాటే" అని ఆయన కళ్ళు మూసుకుని ఎండలోకి మొహం ఎత్తుకున్నాడు.

మెట్లు దిగుతూ ఆమె మొహాన్ని ముడిచింది. ఒక్కో మెట్టుకి ఒక్కో మడత. పెద్ద ఊరి లిఫ్టులో మనుషులు పెట్టుకునే మొహం ఎలా ఉంటుందో గుర్తుచేసుకుని అది తగిలించుకుంది. కింద ఓనరు గోడకి ఆనుకుని ఉన్నవాడల్లా ఆమెని చూడగానే నిలువునా నీరుగారిపోయాడు. "వచ్చారా మేడమ్ ఆయన?" అన్నాడు.

"వచ్చారు. కుర్చీతో సహా వచ్చారు. ఇదేమన్నా బాగుందాండీ? ముందే చెప్పొద్దా? ఇంట్లో ఆడవాళ్ళుంటారు, వంటా వార్పూ ఉంటుంది, మా ఆయన ఇంట్లోనే పని చేసుకునే మనిషి, ఆయనకి వెలుతురు కావాలి, నిశ్శబ్దం కావాలి..." నిశ్శబ్దం అన్న దగ్గర ఆమె గొంతు కొంచెం వణికింది, ఓనరు అది కోపం అనుకున్నాడు.

"తప్పే మేడమ్. ఏం చెయ్యను, మా అమ్మ తమ్ముడు, ఎత్తుకుని పెంచాడు నన్ను, వద్దనలేను. పన్నెండింటి పార్టీకి కూడా మీరు చెప్పేస్తారు ఎలాగూ. పోనీ ఒక పని చేద్దాం. అద్దెలో పదో వంతు తగ్గించుకోండి. ఆయన కూర్చున్నందుకు అనుకోండి."

ఆమె ఆలోచిస్తున్నట్టు నేలకేసి చూసింది. పెదవి కొరికి పట్టుకుంది. ఇంకో నిమిషం ఈ మొహం నిలబడితే చాలు. అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. టైలరు. ఒకసారి మాట్లాడిన కాసేపటికే అతను మళ్ళీ ఫోను చేయడం నాలుగేళ్ళలో ఎప్పుడూ లేదు.

"ఏమండీ, ఇల్లు..." అని మొదలుపెట్టింది.

"ఇల్లు సంగతి తర్వాత" అన్నాడు టైలరు, ఆయాసపడుతూ, మాటమీద మాట పడుతూ. "ఆ పెద్దాయన ఉన్నారా వెళ్ళిపోయారా? ఆయనకివ్వు ఫోను, తొందరగా ఇవ్వు, పెళ్ళికొడుకు కుడిచెయ్యి ఏమైందో చెప్పకుండానే తెగిపోయింది, పాపం ఆయన ఏమనుకుంటున్నారో ఏమో!"

ఆమె పగలబడి నవ్వింది. మడతలన్నీ ఒక్కసారి విడిపోయాయి, గోడకి చెయ్యి ఆనించి మరీ నవ్వింది. ఓనరు నోరు తెరుచుకుని ఆమెకేసీ ఫోనుకేసీ చూసి, "ఏమైంది మేడమ్? మరి ఇల్లు..." అన్నాడు. "ఖాయమండీ, మీరన్న అద్దెకే ఖాయం, పదో వంతు మాట మరిచిపోకండి" అని వెనక్కి తిరక్కుండా అరుస్తూ, "ఇస్తున్నాను, ఇస్తున్నాను, ఒక్క క్షణం పెట్టెయ్యకండి" అని ఫోనుకి చెబుతూ ఆమె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.